బారువ తీరం: బస మామూలే, తెల్లవారుజాము మాత్రం వదులుకోవద్దు

బారువ బీచ్ దగ్గర చీకటి పడ్డాక మాకు టీ దొరకలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే అక్కడికి ఎవరు వెళ్ళాలో, ఎవరు మానుకోవాలో సగం తేలిపోతుంది. వైజాగ్ ఆర్కే బీచ్‌లో లాగా ముంత మసాలా బండ్లు, బజ్జీల వాసన, గుర్రం మీద ఫొటోలు ఉంటాయనుకుని వెళ్తే పిల్లలు గంటలోనే ఇంటికి పోదామని గొడవ పెడతారు. ఊరికే కూర్చోవడం చేతనైనవాళ్ళకైతే, శ్రీకాకుళం జిల్లాలో నేను చూసిన తీరాల్లో ఇంతకంటే మంచిది లేదు. జిల్లాకి తీరం తక్కువేం కాదు మరి, 193 కిలోమీటర్లు.

మాది విజయనగరం. శివరాత్రి వెళ్ళిన వారం కారులో బయల్దేరాం. మావారు, మా అత్తయ్యగారు, ఆరో తరగతి చదివే మావాడు, నేను. నాతవలస దగ్గర హైవే ఎక్కితే ఇంక ఎవర్నీ దారి అడగక్కర్లేదు. శ్రీకాకుళం, మడపాం దగ్గర వంశధార వంతెన, నరసన్నపేట, టెక్కలి, పలాస, ఆ తర్వాత సోంపేట వైపు మలుపు. రైల్లో వచ్చేవాళ్ళు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. సోంపేట స్టేషన్ అని బోర్డు ఉండేది కంచిలిలో. అక్కడ దిగి ఆటో పట్టుకోవాలి. బారువ పేరుతోనే ఒక చిన్న స్టేషన్ ఉంది కానీ దాన్ని నమ్ముకుంటే పాసింజర్ బండి టైములు చూసుకోవాల్సిందే. సోంపేటలో ఏటీఎం, మందుల షాపు, టిఫిన్ హోటళ్ళు అన్నీ ఉన్నాయి. దోమల కాయిల్ దగ్గర్నుంచి బిస్కెట్ల దాకా ఏం కావాలన్నా అక్కడే కొనుక్కుని ముందుకెళ్ళడం మంచిది. టిఫిన్ హోటల్లో పక్క బల్ల మీద ఒడియా, మా బల్ల మీద తెలుగు, వడ్డించే కుర్రాడి నోట్లో రెండూ. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా గంజాం జిల్లాలో ఉండేది కదా, ఆ కలగలుపు ఇంకా పోలేదు.

పలాస దాటాక ఎడమ పక్క దూరంగా మహేంద్రగిరి కొండలు, కుడి పక్క జీడితోటలు, కొబ్బరితోటలు. ఇదే ఉద్దానం. 2018 అక్టోబరు 11న తెల్లారకముందే తిత్లీ తుపాను తీరం దాటింది ఈ చుట్టుపక్కలే. లక్షల్లో కొబ్బరిచెట్లు పడిపోయాయి. ఆ గుర్తు తోటల్లో ఇప్పటికీ ఉంది. ఒకే తోటలో ఒకటో రెండో పాత చెట్లు బాగా ఎత్తుగా, సముద్రానికి వీపు తిప్పి ఒరిగిపోయి ఉంటాయి. వాటి కింద తర్వాత నాటినవి, ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నవి. మధ్య వయసు చెట్లు తక్కువ. మా అత్తయ్యగారిది నరసన్నపేట పక్క పల్లె. ఆవిడ కారు అద్దంలోంచి చూస్తూ "ఒక తరం చెట్లు పోయాయే" అన్నారు. రోడ్డు వారన అక్కడక్కడా కొబ్బరి పీచు ఆరబోసి ఉంటుంది. తాడు పేనే పని ఈ ఊళ్ళలో ఇప్పటికీ ఉంది.

నీళ్ళ విషయం. ఉద్దానం అనగానే అందరికీ కిడ్నీ జబ్బులే గుర్తొస్తాయి. కారణం ఇదీ అని ఖాయంగా తేలలేదు కానీ ఇక్కడివాళ్ళు నీటినే అనుమానిస్తారు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఒక రాత్రి ఉండి వెళ్ళేవాళ్ళు టెన్షన్ పడాల్సిన పని లేదు. మేం సోంపేటలో ఇరవై లీటర్ల టిన్ను కొని డిక్కీలో పెట్టుకున్నాం, అంతే.

బస గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. తీరానికి దగ్గర్లో ఒక చోట ఫోన్ మీద రెండు గదులు చెప్పుకున్నాం. సీ వ్యూ అన్నారు. కిటికీ తీస్తే సరుగుడు తోట. సముద్రం వినిపిస్తోంది, కనిపించడం లేదు. అడిగితే అక్కడి కుర్రాడు ఏమాత్రం తడుముకోకుండా "మేడెక్కితే కనబడతాదండి" అన్నాడు. మేడెక్కితే కనబడింది కూడా. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, మంచాలు గట్టివి. బాత్రూం తలుపు గొళ్ళెం ఉప్పుగాలికి తుప్పుపట్టి సగంలో ఆగిపోతుంది, లోపలున్నవాళ్ళు పాట పాడుకుంటూ స్నానం చెయ్యాల్సిందే. గీజరు ఉంది, పనిచెయ్యదు. పొద్దున్న వేణ్ణీళ్ళు కావాలంటే ఆ కుర్రాడే బకెట్‌తో తెచ్చిపెట్టాడు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. రాత్రి కరెంటు పోయింది. జనరేటరు మీద ఫ్యాను తిరిగింది, ఏసీ తిరగలేదు. ఈ సౌకర్యాలకి గదికి రెండు వేలు దగ్గర్లో తీసుకోవడం ఎక్కువే. పన్నెండొందలైతే మాట్లాడకుండా ఇచ్చేవాళ్ళం.

భోజనం మాత్రం వేరే సంగతి. మధ్యాహ్నంలోపే ఏం కావాలో చెప్పెయ్యాలి, ఎందుకంటే చెప్పాకే తెస్తారు. మావారు కొనెం చేప వేపుడు, చందువ చేప పులుసు అన్నారు. అత్తయ్యగారికి ముద్దపప్పు, వంకాయ కూర. వంటాయన పెద్దాయన. పులుసులో చింతపండు తగ్గించి పచ్చి మామిడి ముక్కలేశాడు. ఎందుకని అడిగితే "చెట్టు మీదున్నాయి కదమ్మా" అన్నాడు. రెండోసారి అన్నం పెట్టించుకున్నాం. ఆ పులుసుకి బిల్లులో పడిన డబ్బు తక్కువే అనిపించింది. గది దగ్గర పోయింది ఇక్కడ కలిసొచ్చిందనుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్ళకి ఏసీ లేకపోతే కుదరదు, లిఫ్టు కావాలి అనుకుంటే పలాస-కాశీబుగ్గలో దిగండి. అక్కడ లాడ్జీలు, హోటళ్ళు మెరుగు, కారులో గంట ప్రయాణం. కానీ అక్కడుంటే తెల్లారేసరికి బారువ చేరడం కష్టం, అసలు చూడాల్సింది అప్పుడే.

సాయంత్రం ఊరు తిరిగాం. బారువ ఒకప్పుడు ఓడరేవు. ఇప్పుడు ఆ ఆనవాళ్ళకి ఒక లైట్‌హౌసు, తీరానికి దగ్గర్లో నీళ్ళ కింద ఉన్న బ్రిటిష్ కాలం నాటి ‘చిల్కా’ అనే ఆవిరి ఓడ మిగిలాయి. మునిగిన ఓడ అంటే మావాడు చాలా ఊహించుకున్నాడు. ఒడ్డునుంచి చూస్తే ఆ చోట కెరటం తీరు తేడాగా కనిపిస్తుందంతే. వాడికి నచ్చలేదు. నాకు మాత్రం అక్కడ ఏ బోర్డూ, టికెట్టూ, సెల్ఫీ పాయింటూ లేకపోవడం హాయిగా అనిపించింది. కోటిలింగేశ్వరుడి గుడి దగ్గర శివరాత్రి పందిళ్ళ కర్రలు ఇంకా పీకలేదు. అత్తయ్యగారు అక్కడా, జనార్దనస్వామి గుళ్ళోనూ తీరిగ్గా కూర్చున్నారు. రెండు చోట్లా తోపులాట లేదు, ప్రత్యేక దర్శనం చీటీ లేదు. పూజారిగారు గోత్రం అడిగి, ఊరడిగి, ఊళ్ళో ఎవరి తాలూకా అని కూడా అడిగారు. అరసవల్లి క్యూలో నిలబడి అలవాటైన ఆవిడకి ఇది పెద్ద సంబరం.

ఊరికి పక్కనే మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. కొండల్లోంచి వచ్చే ఈ నది మేం వెళ్ళిన రోజుల్లో పల్చగా ఉంది. ఇసుక మేట అడ్డుపడి, కెరటం పెద్దదొచ్చినప్పుడే ఉప్పునీరు లోపలికి దూకుతోంది. మేట మీద కొంగలు. ఇటు పక్క ఇసుక గట్టిగా, నడవడానికి బాగుంటుంది. అటు సముద్రం వైపు మాత్రం జాగ్రత్త. ఒడ్డు ఒక్కసారిగా దిగిపోతుంది. మోకాలి లోతు అనుకుని వేసిన అడుగుకి నడుం లోతు వస్తుంది, వెనక్కి లాగే ఊపు కూడా ఎక్కువ. లైఫ్‌గార్డులు మాకెవరూ కనబడలేదు. పిల్లల్ని కాళ్ళు తడుపుకోవడం దాకానే ఒప్పుకోండి. బీచ్ దగ్గరి మరుగుదొడ్డికి తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పగలిగినవాళ్ళు లేరు. ఇలాంటివి సరిచెయ్యడానికి కోట్లేమీ అక్కర్లేదు.

ఇక తెల్లవారుజాము. అయిదింటికే లేచి చీకట్లో టార్చి వేసుకుని ఒడ్డుకెళ్ళాం. సూర్యోదయం చూద్దామని వెళ్ళాం కానీ, సూర్యుడు ఎప్పుడొచ్చాడో ఎవరమూ గమనించలేదు. అలివి వల లాగుతున్నారు.

పడవ మీద వలని అర్ధచంద్రాకారంలో సముద్రంలో వదిలేసి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెస్తారు. ఒక్కో తాడుకీ పదిహేనుమంది దాకా. మగవాళ్ళు, ఆడవాళ్ళు, బడికెళ్ళే వయసు పిల్లలు కూడా. తాడుని చేత్తో లాగరు. నడుముకి ఒక చిన్న పట్టీ కట్టుకుని, దాని కొసని తాడుకి మెలేసి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి అడుగు అడుగు వెనక్కి నడుస్తారు. వెనక చివరికి చేరినవాడు మెలిక విప్పుకుని మళ్ళీ నీళ్ళ దగ్గరికొచ్చి ముందు చేరతాడు. ఆ తిరగడం ఆగదు. ఒకాయన మాత్రం ఇసుకలో కూర్చుని వచ్చిన తాడుని చుట్టలుగా పేరుస్తుంటాడు. లాగే పద్ధతి మారాలన్నా, రెండు జట్లూ దగ్గరికి జరగాలన్నా కేక ఒక్కటే. ఎవరు కేకేశారో నాకు తెలీలేదు కానీ అందరూ జరిగారు.

మావారు ఫొటోలు తీస్తుంటే తాడు మీదున్న ఒక పెద్దావిడ "ఏటి బాబూ, ఊరికే పొటోలు తీస్తన్నావు, ఓ సెయ్యి ఎయ్యొచ్చు గదా" అంది. వేశారు. రెండు నిమిషాలు కాకముందే అరచేతులు ఎర్రబడ్డాయి. "సేతుల్తో కాదు నాయినా, నడుం ఆనించాల" అని ఆవిడే చూపించింది. మావాడు కూడా పట్టుకున్నాడు. బీచ్ బోరు కొడుతోందని రాత్రంతా సణిగిన పిల్లాడు ఇంక అక్కడినుంచి కదల్లేదు.

గంటన్నర లాగితే వల సంచి ఒడ్డుకొచ్చింది. నెత్తళ్ళే ఎక్కువ, మధ్యలో కవళ్ళు, కొన్ని కానాగంతలు, పొడుగ్గా మెరిసే సావిడాయలు, నాలుగు పీతలు, బోలెడు చెత్త. అందులో షాంపూ పేకెట్లు కూడా ఉన్నాయి. చేప ఇసుకలో పడగానే గంపలతో ఆడవాళ్ళు చుట్టుముట్టారు. వేలం పాట అక్కడికక్కడే. కాటా లేదు, కుప్పకింతని పాడటమే. పాడినావిడ గంప ఎత్తుకుని ఆటో దగ్గరికి పరుగు. ఎండెక్కేలోపు సోంపేట చేరాలి. మిగిలిన నెత్తళ్ళు ఇసుకలో ఆరబెట్టేస్తారు. కానాగంతలు మేమూ కొన్నాం. మాకు చెప్పిన రేటు వాళ్ళకి చెప్పిన రేటుకంటే ఎక్కువే అని అత్తయ్యగారి అనుమానం. అయితే అయింది, మావారు పాడయిన అరచేతులతో బేరమాడే పరిస్థితిలో లేరు.

జనంలో వయసు కుర్రాళ్ళు తక్కువగా కనిపించారు. మగవాళ్ళలో చాలామంది నడివయసు దాటినవాళ్ళే. అడిగితే "గుజరాతులో ఉన్నారు" అన్నారు, పక్క వీధిలో ఉన్నారన్నంత మామూలుగా. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్ బోట్లలోకి వేటకెళ్ళడం ఎన్నో ఏళ్ళ అలవాటు. 2018 నవంబరులో అలా వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లే పాకిస్థాన్ వాళ్ళకి చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలై వచ్చారు. పెద్ద హార్బర్లు ఇక్కడ లేవు, నెల జీతం అక్కడుంది. అలివి తాడు మీద ఆడవాళ్ళు అంతమంది ఎందుకున్నారో అప్పుడు అర్థమైంది.

తాబేళ్ళ సంగతి చెప్పకపోతే మావాడు ఊరుకోడు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఈ ఒడ్డుకొచ్చి ఇసుకలో గొయ్యి తీసి గుడ్లు పెడతాయి, ఒక్కోటి వంద పైచిలుకు. కుక్కలు, నక్కలు తవ్వేస్తాయని ఆ గుడ్లు ఏరి, కంచె కట్టిన చోట అదే లోతులో మళ్ళీ పాతిపెడతారు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు పైకొస్తాయి. మేం చూసిన కంచె లోపల గోతి గోతికీ ఒక పుల్ల, పుల్లకి తేదీ, గుడ్ల లెక్క రాసిన చీటీ. కాపలా ఉన్నాయన లోపలికి రానివ్వలేదు, అది సబబే. బయటినుంచే ఓపిగ్గా అన్నీ చెప్పాడు. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో అవుతుందని, వేడి ఎక్కువైతే ఆడవే ఎక్కువని అతను చెప్తే మావాడు నమ్మలేదు, ఇంటికొచ్చి వెతికి చూసుకున్నాడు. నిజమే. ఆ రోజు తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదల్లేదు. చచ్చిపోయిన పెద్ద తాబేలుని మాత్రం చూశాం, ఒడ్డున, ఉబ్బిపోయి. వలల్లో ఇరుక్కుంటే ఊపిరాడక చస్తాయి. వాసన గాలివాటున చాలా దూరం వస్తుంది. ఈ నెలల్లో వెళ్తే ఇది కూడా కనిపిస్తుందని పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

తిరుగు ప్రయాణంలో కళింగపట్నం, శ్రీకూర్మం పెట్టుకున్నాం. దారిలో టెక్కలి దగ్గర తేలినీలాపురం ఆగి చెట్ల మీద గూడకొంగల్ని, ఎర్రకాళ్ళ కొంగల్ని కాసేపు చూశాం. పక్షులు ఊళ్ళో ఇళ్ళ పక్కనే ఉంటాయి, చెట్టు కింద నిలబడేటప్పుడు తల మీద తువ్వాలు వేసుకోవడం మంచిది.

కళింగపట్నం బారువకంటే అన్నివిధాలా సౌకర్యం. శ్రీకాకుళం నుంచి ముప్పై కిలోమీటర్ల లోపు, బస్సులు బాగా ఉన్నాయి, తినడానికి దొరుకుతుంది. వంశధార సముద్రంలో కలిసే చోటు చాలా వెడల్పు, మహేంద్రతనయకి దీనికి పోలికే లేదు. పందొమ్మిదో శతాబ్దపు లైట్‌హౌసు ఉంది, మదీనా బాబా దర్గా ఉంది. దగ్గర్లోనే వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు. మెట్లెక్కి పైకెళ్తే నది మెలికలు తిరిగి సముద్రం దాకా పోవడం కనిపిస్తుంది. ఒక్క పూటలో ఇన్ని చూడాలంటే కళింగపట్నమే మేలు, ఇందులో సందేహం లేదు. కానీ ఆదివారం కావడంతో ఒడ్డంతా కార్లు, స్పీకర్లలో పాటలు. బారువ నుంచి నేరుగా అక్కడికి వెళ్ళడం వల్ల ఆ గోల ఇంకా ఎక్కువ అనిపించి ఉండొచ్చు. ముందు కళింగపట్నం చూసి తర్వాత బారువ వెళ్ళే వరసే బాగుంటుంది.

శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలు, మంటపం గోడల మీద వెలిసిపోతున్న బొమ్మలు, గుళ్ళో పెంచే నక్షత్ర తాబేళ్ళు. కూర్మావతారానికి గుడి కట్టిన తీరానికే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొస్తున్నాయని అత్తయ్యగారు తేల్చేశారు. అవి వేరు, ఇవి వేరు అని మావాడు వాదించాడు గానీ గుళ్ళో ఆవిడతో గెలవడం అయ్యే పని కాదు.

మా విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ దగ్గర చింతపల్లి బీచ్ ఉంది కదా, అంత దూరం ఎందుకని అడిగేవాళ్ళకి: చింతపల్లి మంచిదే. లైట్‌హౌసు, రాళ్ళు, ఒక సాయంత్రానికి సరిపోతుంది, రాత్రికి ఇంటికొచ్చెయ్యొచ్చు. రాత్రి ఆగి తెల్లారేదాకా ఉండాలంటేనే బారువ.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఇంజను బోట్లు వెళ్ళవు, ఎండ కూడా తట్టుకోలేం. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను కబురు చూసుకుని బయల్దేరాలి. డిసెంబరు నుంచి మార్చి సగం దాకా బాగుంటుంది. గది ముందే చెప్పుకోండి, చెప్పుకునేటప్పుడు గీజరు గురించి, జనరేటరు మీద ఏసీ నడుస్తుందా అన్న సంగతి విడివిడిగా అడగండి. కోవా ఇష్టమైతే తిరుగు దారిలో మందస మీదుగా తిరగండి. అక్కడ వాసుదేవ పెరుమాళ్ గుడి చూసినట్టూ ఉంటుంది, కోవా కొన్నట్టూ ఉంటుంది. మేం కిలో తెచ్చాం, డిక్కీలో ఎండు నెత్తళ్ళ సంచికి వీలైనంత దూరంగా పెట్టి.